ఇనుము లేని దోటి

సోని పార ఎత్తేసరికి వెనకాల మాటలు ఆగిపోయాయి.

ఆ పార వాళ్ళ నాన్నది. ఆయన తన ఎత్తుకు తగ్గట్టు పొడుగు కర్ర వేయించుకున్నాడు. సోనికి అది మధ్యలో పట్టుకుంటేగాని తూగదు. అలాగే పట్టుకుని కాలవ మొదట్లో తడిమట్టిలోకి దించింది. సగమే దిగింది. పాదం మోపి తొక్కితే ఇంకొంచెం దిగింది. మట్టిపెళ్ళ లేచింది కాని, గట్టు చేరకముందే విరిగి సగం మళ్ళీ కాలవలో పడింది.

వెనకాల ఎవరో గొంతు సవరించుకున్నారు.

“పడిన ముక్క సేత్తో తియ్యమ్మా, పర్లేదు,” అన్నాడు దిసారి పైడయ్య మెల్లగా. ఊరికి మంచిరోజులు చూసేదీ పూజలు చేసేదీ ఆయనే.

సోని వంగి ఆ ముక్కను రెండు చేతులతో తీసి గట్టుమీద పెట్టింది. అప్పుడు తుడుం మోగింది. మగాళ్ళంతా పారలు దించారు.

కరకపుట్టులో ఏటా తొలకరి ముందు కాలవ పండగ చేస్తారు. గెడ్డ అనే కొండవాగు నీటిని కొండ నడుముచుట్టూ మొలతాడులా తిప్పి మళ్ళలోకి దించే కాలవ అది. కుళాయిలు వచ్చాక తాగడానికి దాని అవసరం తీరిపోయింది గాని, వరికి ఇప్పటికీ అదే దిక్కు. ఊరే లేని రోజుల్లో మూడు కుటుంబాలను వెంటబెట్టుకుని ఈ కొండ ఎక్కి, ఆ కాలవ తవ్వించినవాడు సోంబరు. అందుకని మొదటి చెయ్యి ఆ ఇంటిది. ఆ ఇంటి మనిషి మొదటి పెళ్ళ తియ్యందే ఇంకెవరూ పార ముట్టరు. సోంబరు తరవాత కొడుకు తీశాడు, ఆ తరవాత మనవడు. ఆ మనవడు సోని నాన్న. మొన్న మాఘంలో జ్వరం ముదిరి, పాడేరు ఆసుపత్రికి జీపులో తీసుకెళుతుంటే దారిలోనే పోయాడు. ఇప్పుడు ఆ ఇంట్లో తల్లీ కూతురూ మిగిలారు. తల్లి మంగులమ్మ బయటి ఊరినుంచి వచ్చిన కోడలు గనక ఆమె చెయ్యి లెక్కకు రాదు. ఇక ఉన్నది సోని. ఆశ్రమ పాఠశాలలో పదో తరగతికి వెళ్ళబోయే పిల్ల.

ఆడపిల్ల ఎప్పుడూ చెయ్యి పెట్టలేదని ఊరిపెద్ద ఫల్గుణ అభ్యంతరం చెప్పాడు. తన కొడుకు భాస్కర్ ఉన్నాడు, వాడు తీస్తాడన్నాడు. ఆ ఇంట్లో పొయ్యి వెలుగుతున్నంతకాలం చెయ్యి ఆ ఇంటిదే అన్నాడు పైడయ్య. ఫల్గుణ వాదించలేదు. సరే చూద్దాం అని మాత్రం అన్నాడు. ఆ ‘చూద్దాం’ నాలుగు రోజులనుంచీ సోని చెవిలోనే ఉంది.

సోని నలుగురిలో నోరు విప్పే పిల్ల కాదు. బడిలో హాజరు పిలిచినా చెయ్యెత్తుతుందే గాని పలకదు. ఊరంతా వాళ్ళ ఇంటివైపు చూసేది ఏడాదికి ఈ ఒక్కరోజే. ఆ రోజు ఆమె నాన్న వెనకాల నిలబడి, ఆయన చొక్కా మీద చెమట మరక పెద్దదవుతుంటే చూస్తూ ఉండేది. ఇవాళ ఆమె ముందు ఎవరి వీపూ లేదు.

కాలవ పొడుగునా ఇంటికింత అని వాటాలున్నాయి. ఎవరి వాటా వాళ్ళు తవ్వి, గడ్డి కోసి, గండి కనిపిస్తే పచ్చిమట్టి మెత్తాలి. సోని తన వాటాలో వంగి తవ్వుతూ ఉంది. అరచెయ్యి బొబ్బలెక్కింది. తల్లి పక్కన కూర్చుని వేళ్ళతో గడ్డి పీకుతూ, కూతురి చేతివైపు చూసి చూడనట్టు ఉండిపోయింది.

ఒక్కచోట మాత్రం ఎవరికీ వాటా లేదు. సగం దారిలో రెండు పెద్ద బండలు ఎదురెదురుగా నిలబడి ఉంటాయి. నడుమ మనిషి పక్కకు తిరిగితే పట్టేంత సందు. లోపల ఒక మలుపు, మలుపు అవతల చీకటి. నీరు ఆ సందులోంచి నలభై అడుగులు పారి కొండకు అటువైపు దిగుతుంది. దాన్ని తల్లి దారి అంటారు. సోంబరు కాలంలో బండ అడ్డొచ్చి పని ఆగిపోతే కొండతల్లే చీల్చి దారి ఇచ్చిందట. అందులో మనిషి కాలు పెట్టకూడదు, ఇనుము తగలకూడదు. ఎవరూ ఊడవకపోయినా పండగనాటికి అందులో ఒక్క ఎండుటాకు ఉండదు. తల్లి తన వాకిలి తనే చిమ్ముకుంటుందని ఊళ్ళో పిల్లలకు సైతం తెలుసు.

మధ్యాహ్నానికి పని అయింది. పైన రాళ్ళు తప్పించి నీరు వదిలారు. పిల్లలు కింద మళ్ళ దగ్గర కాలవలో బోర్లా పడుకుని, నీరు వచ్చే చప్పుడు మట్టికి చెవి ఆనించి వింటారు. అదొక ఆట. ఆవేళ ఎంతసేపు చెవి ఆనించినా ఏమీ వినబడలేదు. చివరికి ఒక పిల్లాడు లేచి, చెవికంటిన మట్టి దులుపుకుంటూ పైకి పరిగెత్తాడు.

అందరూ తల్లి దారి దగ్గరకు వెళ్ళి చూశారు. నీరు సందు నోటిదాకా వచ్చి, అక్కడే సుడి తిరిగి, గట్టు పొర్లి లోయలోకి జారిపోతోంది. లోపలికి పోవడం లేదు.

పైడయ్య కొబ్బరికాయ కొట్టాడు. బియ్యం చల్లాడు. నీరు కదల్లేదు.

“తల్లి నోరు మూసింది,” అన్నాడు ఫల్గుణ.

సోనిని ఎవరూ ఒక్క మాట అనలేదు. పారలు భుజాన వేసుకుని ఒకరి వెనక ఒకరు దిగిపోయారు. ఆమె పక్కనుంచి వెళ్ళేటప్పుడు మాత్రం ఒక్కొక్కరూ కొంచెం పక్కకు జరిగి నడిచారు.

నీరు ఆ రోజే వస్తుందనే నమ్మకంతో పండగకు ముందే అందరూ విత్తనాలు నానేశారు. ఇంటింటా గోనెపట్టాల కింద వడ్లు మొలకెత్తి ఉన్నాయి. ఆకుమళ్ళు దున్ని ఉన్నాయి గాని తడి లేదు. రెండోరోజుకు మొలకలు తెల్లగా సాగి ఒకదానికొకటి అల్లుకోసాగాయి. మంగులమ్మ గంటకోసారి గోనె ఎత్తి, చెయ్యి పెట్టి, వేడి చూసి, నీళ్ళు చిలకరించి మళ్ళీ కప్పేది. వేడెక్కితే కుళ్ళిపోతాయి. ఇంకో మూడు రోజులు ఆగుతాయేమో. మళ్ళీ విత్తనం ఎవరిదగ్గరా లేదు.

కుళాయి దగ్గర ఆడవాళ్ళు సోని రాగానే వంతు ఆమెకు వదిలేసి తప్పుకునేవాళ్ళు. గౌరవంగా చేసినట్టే ఉండేది. ఆమె ఒక్కతే నిలబడి బిందె నిండేదాకా ధారవైపు చూస్తూ ఉండేది. సంతకు జీపు తోలే భాస్కర్, పొక్లెయిన్ తెప్పిస్తే అరగంట పని అన్నాడట. తల్లి నడుం మీద పొక్లెయిన్ ఎక్కిస్తావా, ముందు నీ జీపుని మా వీధి గతుకులు ఎక్కించు చూద్దాం అని ముసలాళ్ళు కసిరారట. నవ్వులు కూడా నవ్వుకున్నారు. సోని ఇంట్లో కూర్చుని ఆ నవ్వులు విన్నది.

శుక్రవారం సాయంత్రం ఫల్గుణ వాళ్ళ గుమ్మం దగ్గరకు వచ్చాడు. లోపలికి రాలేదు. సోమవారందాకా చూసి, అప్పటికీ నీరు రాకపోతే భాస్కర్ చేత మళ్ళీ మొదటి పెళ్ళ తీయిస్తామని చెప్పాడు. “తప్పుగా అనుకోకప్పా. ఊరి గింజలు కుళ్ళిపోతన్నాయి,” అన్నాడు మంగులమ్మతో. అతని మాటలో కోపం లేదు. అతని ఇంట్లోనూ గోనెపట్టాల కింద వడ్లు ఉన్నాయి.

అతను వెళ్ళాక మంగులమ్మ పొయ్యి ముందు కూర్చుని అంబలి కలిపింది. “పోనీలేయే. ఆ సెయ్యి ఉండి మనకేటి ఒరిగింది? మీ నాన్నేమన్నా మేడలు కట్టీసినాడా?” అంది. కాసేపటికి, “నీకు ఎలాగూ బడి తెరిసేస్తారు,” అని కూడా అంది.

సోని లేచింది. మూలనున్న పార దగ్గరకు వెళ్ళి అంచు మీద వేలు రాసి చూసింది. మొండిబారిపోయింది. పదును ఉంటే ఒక్క దెబ్బకే దిగేది. పెళ్ళ విరిగేది కాదు. విరగబట్టే కొండతల్లికి కోపం వచ్చి ఉంటుంది. పార సానపట్టించి, ఎవరూ చూడకుండా ఇంకొక్కసారి పెళ్ళ తీసి చూడాలనుకుంది.

శనివారం పార పట్టుకుని కొలిమికి వెళ్ళింది. కొలిమి ఊరికి ఒక చివర, వాన నీరు పోయే పల్లంలో ఉంది. కమ్మరి సుక్రు చనిపోయి రెండు నెలలు కావస్తోంది. చుట్టుపక్కల ఊళ్ళకు పారలు, కొడవళ్ళు, గునపాలు చేసి ఇచ్చినవాడు. ఇప్పుడు అతని భార్య సోములమ్మ చిన్నాచితకా పదును పెట్టి పెడుతోంది. మోకాలు వాచి, నల్లేరు నూరి కట్టిన గుడ్డతో కాలు చాపుకుని కూర్చుని ఉంది. సోని చేతిలో పార చూసి తిత్తివైపు చూపించింది.

“కాలు తొక్కనివ్వదు. నువ్వు ఊదు,” అంది.

సోని తిత్తి ఊదింది. బొగ్గులు బూడిద దులుపుకుని ఎర్రబడ్డాయి. పార అంచు కాలి, మొదట నల్లగా, తరవాత కుంకుమరంగుకు తిరిగింది. సోములమ్మ పట్టకారుతో తీసి దాగలి మీద పెట్టి, సుత్తి ఎత్తి, ఏదో గుర్తొచ్చినట్టు అడిగింది.

“నీరొచ్చిందా?”

“నేదు మామ్మా.”

సుత్తి గాలిలోనే ఆగింది. పార ఎరుపు తగ్గి నల్లబడిపోయేదాకా ముసలామె అలాగే ఉండిపోయింది. తరవాత దాన్ని మళ్ళీ బొగ్గుల్లోకి తోసింది. “ఊదు,” అంది. గొంతు మారింది.

సోని ఊదుతూ తల ఎత్తింది. చూరు కింద వాసాలకు అడ్డంగా ఒక దోటి కట్టి ఉంది. కాయలు కోసే దోటి చివర కొడవలి ఉంటుంది. దీనికి లేదు. వంపు తిరిగిన చింతకొమ్మ కొక్కేన్ని అడ్డతీగ నారతో బిగించి కట్టారు. కొక్కెం కొస అరిగి నున్నగా, కాలి బొటనవేలిలా అయిపోయింది. కర్ర రెండుచోట్ల చేతులు పట్టి పట్టి మెరుస్తోంది. ఊరందరికీ ఇనుము కొట్టి ఇచ్చే ఇంట్లో ఇనుము లేని దోటి.

“అది దేనికి మామ్మా?”

“పనసకాయలకి.”

“మీకు పనసచెట్టు నేదు గదా.”

సోములమ్మ ఆమెవైపు చూసింది. “సదువుకున్న గుంటలతో ఇదే సావు,” అంది. అని పట్టకారు కింద పెట్టింది. మోకాలు రాసుకుంది. తరవాత చెప్పింది. కొలిమికే చెబుతున్నట్టు దానివైపే చూస్తూ చెప్పింది.

ఆ రెండు బండల మధ్య సోంబరు వచ్చేసరికి జానెడు సందే ఉండేదట. పని అక్కడ ఆగిపోయింది. తల్లి నడుంలో ఇనుము దించితే వంశాలు నిలవవని అప్పటి దిసారి అన్నాడు. మూడు కుటుంబాల్లో రెండు కిందికి దిగిపోయాయి. ఆ వేసవి పనికి సోంబరూ, సోములమ్మ మామగారూ ఇద్దరే మిగిలారు. బండకు ఆనించి కట్టెలు రాజేసేవాళ్ళు. బండ కాలి ఎర్రబడ్డాక గెడ్డ నీళ్ళు కొట్టేవాళ్ళు. బీటలిచ్చినచోట ఉలి పెట్టి కొట్టేవాళ్ళు. ఉలి మొండిబారితే పక్కనే చిన్న కొలిమి పెట్టి సాగగొట్టేవాళ్ళు. ఎండాకాలం అంతా అదే పని. తొలకరికి నీరు దిగింది. దిగిన నీటిని చూసి దిసారి ఏడ్చాడట. నిజం తెలిస్తే దిగిపోయినవాళ్ళు తిరిగి రారు. అందుకని దిసారితో కలిపి ముగ్గురూ ఒక మాట అనుకున్నారు. దారి తల్లి ఇచ్చిందని చెప్పాలి. ఇనుము ఇంకెప్పుడూ లోపల పెట్టకూడదు. ఏటా పండగ ముందురోజు కమ్మరి ఒక్కడే, బొగ్గులకని చెప్పి వెళ్ళి, కర్రతో ఆ దారి శుభ్రం చెయ్యాలి.

“మా మావ పోయాక ఈయన ఎల్లేవోడు. పెళ్ళయిన ఏడే నాకు సెప్పినాడు. మీ తాతకి తెలుసు. మీ నాన్నకి సెప్పేలోగా ఆయన్ని పాము కరిసీసింది. అలా మీవోళ్ళు మరిసిపోనారు. మేం మరవనేదు.”

ఈ ఏడు తనే బయల్దేరిందట. కరకచెట్టుదాకా వెళ్ళి కూలబడిపోయిందట. అక్కడినుంచి చేతులమీద పాకుతూ తిరిగి వచ్చింది.

“ఊరికి సెప్పేద్దుం గదా మామ్మా,” అంది సోని.

“ఏటని? తల్లి దారిలో నా మొగుడు నలభై ఏళ్ళు కాలు పెట్టినాడనా? ఆయన పోయి రెండు నెల్లు కానేదు. ఇప్పుడాయన్ని పాపిని సెయ్యమంటావా?” ముసలామె పట్టకారు తీసింది. పార మళ్ళీ ఎర్రబడి ఉంది. ఈసారి ఆగకుండా కొట్టింది. ప్రతి దెబ్బకూ నొప్పి మోకాలిదాకా వెళుతున్నట్టు ముఖం ముడుచుకుంది.

పదునైన పార సోని చేతికిచ్చాక, ఆమె దోటివైపు చూడనేలేదు. దోటివైపు వీపు పెట్టి కూర్చుని బొగ్గులు ఆర్పుతూ, ముందు పైన నీరు కట్టెయ్యాలని చెప్పింది. కింది నోటినుంచి ఎప్పుడూ లోపలికి వెళ్ళకూడదు, నీరు ఒక్కసారిగా విరుచుకుపడితే మనిషి లోయలో తేలతాడు అంది. మలుపు దగ్గర ఎడమచేతివైపు బండకు ఒక పట్టు ఉంటుందని, అక్కడ చెయ్యి ఆనించుకుని కుడిచేత్తో లాగాలని చెప్పింది. సోని దోటి కట్లు విప్పుతుంటే, ఆ చప్పుడు తనకు వినబడనట్టే బూడిద కెలుకుతూ ఉండిపోయింది.

మర్నాడు ఆదివారం. నాలుగిళ్ళవాళ్ళు పక్క ఊరికి ప్రార్థనకు వెళ్ళారు. మిగతావాళ్ళు పశువులను తోలుకుపోయారు. సోని తెల్లవారుతూనే కొండ ఎక్కింది. ఒక భుజాన పార, ఇంకో భుజాన దోటి. మంచు ఇంకా గెడ్డమీద పొగలా ఉంది. సిల్వర్ ఓక్ చెట్ల మధ్య ఆమె అడుగుల చప్పుడు ఆమెకే పెద్దదిగా వినిపించింది.

కాలవ మొదట్లో, గురువారం పండగనాడు తను మొదటి పెళ్ళ తీసిన నోటిని ఇప్పుడు తనే మూసింది. రాళ్ళు పేర్చి, సందుల్లో గడ్డి కుక్కి, మట్టి మెత్తింది. ఊరివాళ్ళు ఇప్పుడు చూస్తే ఏమంటారో అనుకుంది. కాలవలో నీరు తగ్గి, బురద తేలేదాకా గట్టుమీద కూర్చుంది. పొద్దు బాగా పైకి వచ్చింది.

తల్లి దారి ముందు పారను ఆనించి, చెప్పులు విడిచి, చున్నీ నడుముకు బిగించింది. రెండు చేతులూ జోడించింది. ఏమని దణ్ణం పెట్టాలో తెలియలేదు. లోపలికి అడుగు పెట్టింది.

చల్లదనం ముందు కాళ్ళకు, తరవాత వీపుకు పాకింది. బండలు రెండువైపులా నొక్కుతున్నాయి. నాలుగడుగులు వేసేసరికి వెలుతురు వెనకబడిపోయింది. ఆమె అరచేతులతో బండను తడుముకుంటూ నడిచింది. వేళ్ళకు గాట్లు తగిలాయి. ఏటవాలుగా, వరసగా, ఒకదాని పక్కన ఒకటి. ఎవరో చాలా ఓపికగా దువ్విన జుట్టులా ఉన్నాయి. కొన్ని లోతుగా, కొన్ని పైపైన. ఉలి మొండిబారేకొద్దీ గాటు లోతు తగ్గి, మళ్ళీ ఒక్కసారిగా లోతుగా మొదలయ్యేది. అక్కడ ఉలి సాగగొట్టుకుని వచ్చి ఉంటారు. సోని వేళ్ళు ఆ వరస చివరిదాకా వెళ్ళి ఆగిపోయాయి. భయం వేస్తుందనుకుంది. భయం లేదు. ఎవరో పని చేసుకుంటున్న ఇంట్లోకి చెప్పకుండా వచ్చినట్టు సిగ్గుగా ఉంది.

మలుపు దగ్గర ఎడమవైపు పట్టు దొరికింది. బండలో చిన్న గుంట. చెయ్యి ఆని ఆని అరచెయ్యిలాగే అరిగింది. సోని చెయ్యి అందులో ఇంకా ఖాళీ మిగిలేలా కూర్చుంది. దాని పైన బీటలో ఏదో గుచ్చి ఉంది. తీసి చూస్తే సగం కాల్చిన చుట్ట. సుక్రు ఎప్పుడూ చెవిమీద పెట్టుకుని తిరిగేలాంటిది. పని అయ్యాక కాల్చుకుందామని పెట్టుకుని మరిచిపోయి ఉంటాడు. ఆమె దాన్ని మళ్ళీ అదే బీటలో పెట్టింది.

అడ్డు మలుపు అవతల ఉంది. ఏడాది ఆకులు, విరిగిన కొమ్మలు, మధ్యలో ముళ్ళపంది ముళ్ళు, అన్నీ కలిసి నల్లగా కుళ్ళి గోడలా బిగిసిపోయాయి. దోటి దించి లాగింది. రాలేదు. ముందు అడుగునుంచి లాగాలేమోనని వంగి దించింది. గుప్పెడు వచ్చింది. ఇంకో గుప్పెడు. కర్ర పొడుగై వెనకబండకు తగులుతోంది. మోచేతులు గీరుకుపోయాయి. లాగినదాన్ని చేతులతో ఎత్తి, కొంగులో వేసుకున్నట్టు పొట్టకు హత్తుకుని, పక్కకు నడుచుకుంటూ బయట పోసి, మళ్ళీ లోపలికి. ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెట్టలేదు. ఒకసారి లోపలికి వచ్చేసరికి అటువైపునుంచి సన్నటి వెలుగు కనిపించింది. గాలి వచ్చి ముఖానికి తగిలింది. ఆ గాలిలో కింది మళ్ళ దుక్కి వాసన ఉంది.

మిగిలింది తీసేసి, బయటికి వచ్చి, పార తీసుకుని కాలవ మొదటికి వెళ్ళింది. మెత్తిన మట్టిలోకి పార దించింది. ఒక్క దెబ్బకే దిగింది. పెళ్ళ విరగకుండా లేచి గట్టుమీద కూర్చుంది. చుట్టూ చూసింది. చూసినవాళ్ళు ఎవరూ లేరు.

నీరు కదిలింది.

ఆ మధ్యాహ్నమే ఊళ్ళో తుడుం మోగింది. ఆకుమళ్ళు తడిశాయి. సాయంత్రానికి అందరూ మొలకలు చల్లేశారు. కొన్ని కుళ్ళినా చాలావరకు దక్కాయి. తల్లి మనసు కరిగిందన్నారు. గుంట చెయ్యి ఆలస్యంగా పండినా గట్టిగా పండిందన్నారు. కుళాయి దగ్గర ఆడవాళ్ళు సోనిని మధ్యలో కూర్చోబెట్టుకుని, జుట్టులో ఎండుటాకు ముక్కలేమిటని నవ్వుతూ ఏరి, నూనె రాసి దువ్వారు. మూడు రోజులు పక్కకు జరిగి నడిచినవాళ్ళు వాళ్ళే. సోని తల వంచుకుని కూర్చుంది. ఒంటరిగా బిందె నింపుకున్నప్పటికంటే ఇప్పుడే ఎక్కువ ఒంటరిగా అనిపించింది.

సోమవారం మళ్ళ గట్టున ఊరంతా కలిసి వండారు. కోళ్ళు కోశారు. అడ్డాకులు కుట్టారు. జీలుగు కల్లు కుండలు దించారు. ఎవరూ ముట్టకముందు దిసారి మొదటి ఆకు వడ్డించి మొదటి చేతికి ఇస్తాడు. ఆ ఆకు తిన్నాకే మిగతావాళ్ళ పంక్తి.

ఫల్గుణ సోనిని అందరిముందూ పిలిచాడు. “నీ సెయ్యి మంచిదే గుంటా. నానే తొందరపడ్డాను,” అన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు. పైడయ్య వేడివేడి అన్నం, కోడికూర వడ్డించిన ఆకును ఆమె చేతుల్లో పెట్టాడు. మంగులమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

సోని ఆకు పట్టుకుని నిలబడింది. ఊరంతా ఆమెవైపే చూస్తోంది. పల్లంలో కొలిమి కప్పు కనబడుతోంది. దానిమీద పొగ లేదు. మోకాలు నొప్పితో సోములమ్మ విందుకు రాలేదు. ఆమె రాలేదని ఎవరూ గమనించలేదు కూడా.

“మొదటి సెయ్యి మాది కాదు తాతా,” అంది సోని.

ఊరి మధ్యలో ఆమె గొంతు అంతవరకు ఎవరూ వినలేదు. చిన్నగానే అంది గాని అందరికీ వినబడింది.

“మరెవరిది?” అన్నాడు ఫల్గుణ.

సోని చూపు పల్లంవైపు తిరిగింది. పైడయ్య ఆమె చేతులవైపు చూశాడు. అరచేతులనిండా చితికిన బొబ్బలు. గోళ్ళకింద, ఎంత కడిగినా పోని నల్లటి ఆకుమడ్డి. మోచేతులమీద బండ గీరిన గీతలు. ఆయన చాలాసేపు చూశాడు. సోని కళ్ళెత్తేసరికి ఆయన చూపు తప్పించి అన్నం గంపవైపు తిరిగాడు. ఆయనకూ తెలుసని ఆమెకప్పుడు అర్థమైంది.

“ఎల్లనీ. ఆకు సల్లారిపోతాది,” అన్నాడు ఎవరితోనో.

సోని గట్టుదిగి నడిచింది. వెనకాల మాటలు పెరిగాయి. నాన్న పోయినప్పటినుంచీ పిల్ల మనసు బాగాలేదని ఎవరో అన్నారు. మంగులమ్మ పేరు పెట్టి పిలిచింది. ఫల్గుణ గొంతు అన్నిటికంటే గట్టిగా వినబడింది. “వొద్దని తనే అన్నాది. అందరూ ఇన్నారు గదా. వొచ్చే ఏటినించి మా బాస్కరుడు తీస్తాడు.” కాదని ఎవరూ అనలేదు. పైడయ్య కూడా అనలేదు.

సోములమ్మ గుమ్మంలో కూర్చుని చోళ్ళు చెరుగుతోంది. సోని చేతిలో ఆకు చూసి చేట కింద పెట్టింది.

“సెప్పేసినావా?”

“నేదు మామ్మా. మాది కాదన్నాను. అంతే.”

“అంతేనా? మరి నీ సెయ్యి?”

“పోనాది.”

ముసలామె ఆకు అందుకుంది. ఒక ముద్ద తీసి చల్లారిన దాగలి మీద పెట్టింది. ఒక ముద్ద తను తింది. మిగిలిన ఆకును సోనివైపు జరిపింది. ఇద్దరూ తిన్నారు. కిందనుంచి తుడుం, కిరిడీ మోతలు వినిపిస్తున్నాయి. ఒకరి నడుం ఒకరు పట్టుకుని థింసా నాట్యం మొదలుపెట్టి ఉంటారు.

“దోటి ఎండలో పెట్టినావా ఏటి?”

“నీడలోనే పెట్టినాను.”

“తే.”

సోని ఇంటినుంచి దోటి తెచ్చింది. సోములమ్మ గోడ పట్టుకుని లేచింది. దోటిని సోని పక్కన నిలబెట్టింది. కర్ర సోని తలకు పైన ఇంకా మూరెడు ఉంది. ఆమె భుజం దగ్గర బొటనవేలితో కర్రమీద నొక్కి గుర్తు పెట్టింది.

“ఇది నీకు పొడుగు. లోపల బండకి తగిలుంటాదే?”

“తగిలింది.”

“పొట్టిది సేసుకోవాల. కొమ్మ ఇప్పుడే కొడితే వొచ్చే పండగకి బాగా ఆరతాది. బొగ్గులకి ఎల్తన్నానని సెప్పాల గుర్తెట్టుకో. ఎక్కడున్నా ఒకరోజు ముందు రావాల.”

సోని చూరులోంచి కొడవలి తీసింది. పెరటిలో చింతచెట్టు కిందికి వెళ్ళి పైకి చూసింది.

“ఏ కొమ్మ మామ్మా?” అంది.